తిరిగొస్తే కావాలి కదా!

పుస్తకం పేరు ‘ది ఇయర్ ఆఫ్ మ్యాజికల్ థింకింగ్’. రాసినావిడ అమెరికా రచయిత్రి జోన్ డిడియన్. 2005లో అచ్చయింది. మా వారు పోయిన ఏడో నెలలో, విశాఖలో ఉంటున్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో నాకు పంపించింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఉండి, ఏడుపుకి కూడా ఇంగ్లీషు పుస్తకమేనా అని ముందు విసుక్కున్నాను. అట్ట మూల నలిగి వచ్చింది. తిప్పి పంపే ఓపిక లేక ఊరుకున్నాను.

2003 డిసెంబరు 30 రాత్రి న్యూయార్క్‌లో, ఇంట్లో భోజనానికి కూర్చున్నచోటే ఆవిడ భర్త జాన్ గ్రెగరీ డన్ గుండె ఆగి పడిపోయాడు. దాదాపు నలభై ఏళ్ళ కాపురం. ఒక్కగానొక్క కూతురు ఐసీయూలో ఉంటే, చూసి అప్పుడే ఇంటికొచ్చారు ఇద్దరూ. అక్కణ్ణుంచి ఏడాది పాటు ఆవిడ మనసు ఎలా తిరిగిందో ఈ పుస్తకం.

వరసగా సాగదు. మళ్ళీ మళ్ళీ ఆ రాత్రి దగ్గరికే వస్తుంది. అంబులెన్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బయల్దేరింది అని నిమిషాలతో సహా చూసుకుంటుంది. మా వారు నిద్రలోనే పోయారు. ఆ రోజు నాలుగింటికి నేను మంచినీళ్ళకి లేచాను. లైటు వేస్తే ఆయన నిద్ర చెడుతుందని వెయ్యలేదు. ఆ స్విచ్చి దగ్గరికి నేను ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో!

ఆసుపత్రిలో ఆవిడ నిబ్బరం చూసి సోషల్ వర్కర్ ఒకాయన, ఈవిడ గట్టి మనిషేనని డాక్టరుతో అంటాడు. మా ఇంట్లో చాప మీద కూర్చున్నవాళ్ళూ అదే అన్నారు, “గుండె రాయి చేసుకుంది” అని, నాకు వినపడేలాగే.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం తిండి సంగతి. ఆ మొదటి వారాల్లో ఒక స్నేహితుడు రోజూ చైనాటౌన్ నుంచి అల్లం, ఉల్లికాడలు వేసిన జావ తెచ్చిచ్చేవాడట. అదొక్కటే ఆవిడకి గొంతు దిగేది. 1922 నాటి మర్యాదల పుస్తకం ఒకటి తీసి చూపిస్తుంది కూడా. దుఃఖంలో ఉన్నవాళ్ళని ఏమైనా తింటారా అని అడక్కూడదు, వేడిగా కొంచెం తెచ్చి చేతిలో పెట్టాలి, అదే తాగేస్తారు అని అందులో ఉంది. మా పక్కింటి ఒడియా ఆవిడ ఆ పుస్తకం చదివి ఉండదు. పదిరోజులూ పొద్దున్నే స్టీలు గిన్నెలో మాండియా జావ, మనం చోడంబలి అంటామే అదే, పైన రెండు మజ్జిగ చుక్కలు వేసి తెచ్చేది. “తాగు” అనేది, అంతే. గిన్నె ఖాళీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడేది.

రాయడం మొదలుపెట్టేనాటికి తొమ్మిది నెలల ఐదు రోజులయిందని ఆవిడ లెక్క వేసుకుంటుంది. మనకి మాసికాలున్నాయి, ఆ లెక్క పంతులుగారు చూసుకుంటారు. పాపం, ఆవిడే వేసుకోవాల్సి వచ్చింది.

భర్త బట్టలు ఇచ్చెయ్యగలిగింది గానీ బూట్లు ఇవ్వలేకపోయింది. తిరిగొస్తే కావాలి కదా! పిచ్చి అనుకుంటారేమో. నేను మా వారి చెప్పులు పదకొండో రోజునే ఇచ్చేశాను, నాకేం అనిపించలేదు. కానీ ఆయన ఫోన్ నంబరుకి 84 రోజుల ప్యాక్ మొన్న కూడా వేయించాను. “బ్యాంకు ఓటీపీలు వస్తాయి బాబూ” అని రీఛార్జి కుర్రాడికి చెప్పాను. ఖాతా ఎప్పుడో నా పేరు మీదకి మారిపోయింది.

నచ్చనివీ ఉన్నాయి. పెద్ద హోటళ్ళు, సినిమావాళ్ళు, విమాన ప్రయాణాలు మాటమాటకీ వస్తాయి. మన టెన్షన్లు ఈవిడకెక్కడివి అనిపిస్తుంది. మధ్యలో కూతురి వైద్యం భాగం డాక్టర్ల భాషతో బరువెక్కింది, కొన్ని పేజీలు తిప్పేశాను. పుస్తకం అచ్చయ్యేలోపే ఆ పిల్లా పోయిందని తర్వాత తెలిసింది. అది ఇందులో లేదు. తెలిశాక ఆ తిప్పేసిన పేజీలు వెనక్కెళ్ళి చదివాను.

ఎవరికైనా ఇవ్వాలనుకుంటే కర్మకాండ రోజుల్లో ఇవ్వకండి. చుట్టాలు వెళ్ళిపోయి, ఫోన్లు తగ్గాక ఇవ్వండి. ఐదుకి నాలుగు నక్షత్రాలు. కోసిన ఒకటీ ఆ హోటళ్ళకి, నలిగిన అట్టకి కాదు.