నల్లగొండలో డిఫెన్సివ్ బ్యాక్ కోచింగ్: కార్నర్‌కు బాగుంది, సేఫ్టీకి చాలదు

ఆదివారం పొద్దున నడిచే ఈ అమెరికన్ ఫుట్‌బాల్ క్లాసులో డిఫెన్సివ్ బ్యాక్‌ల పని, అంటే ఎదుటి జట్టు పాస్‌లను అడ్డుకునే వెనక వరుస ఆట నేర్పుతారు. కబడ్డీ పిల్లలే ఎక్కువగా వస్తారు. అదే దీని బలం. కబడ్డీలో కార్నర్ ఆడేవాడు రైడర్ చేతులను నమ్మడు, నడుమునూ కాళ్లనూ చూస్తాడు. మైదానం అంచున రిసీవర్‌ను, అంటే పాస్ పట్టుకునేవాడిని, కాపు కాసే కార్నర్‌బ్యాక్ చూడాల్సిందీ అక్కడే. రిసీవర్ తల, భుజాలు ఎంతైనా మోసం చేస్తాయి, నడుముతో మోసం చేయడం కష్టం.

బ్యాక్‌పెడల్ చాలా బాగా నేర్పుతున్నారు. రిసీవర్‌కు 7 గజాల దూరంలో నిలబెట్టి, మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద ఉంచి వెనక్కి పరుగెత్తిస్తారు. మధ్య దూరం 3 గజాలకు తగ్గగానే నడుము తిప్పి అతని వెంట పడాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తిరిగేముందు నిటారుగా లేస్తారు, ఒక అడుగు వృథా అవుతుంది, రిసీవర్‌కు ఆ అడుగు చాలు. కోచ్ ఒక్కొక్కరినీ ఆపి ఓపికగా సరిచేస్తారు. బంతి కోసం తల ఎప్పుడు తిప్పాలో కూడా తేటగా చెబుతారు: రిసీవర్ పక్కనే అంటుకుని ఉంటేనే. వెనకబడితే బంతిని వెతకొద్దు, అతని చేతులు లేచినప్పుడు వాటి మధ్యలోకి చెయ్యి పోనివ్వాలి. బంతి రాకముందే గుద్దితే పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అనే తప్పు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆ తప్పు జరిగిన చోటికే బంతి పోతుంది, 40 గజాలైనా సరే.

అందరికన్నా వెనక కాపు కాసే సేఫ్టీ పాఠం మాత్రం నిరాశపరుస్తుంది. కవర్ 3 అనే కాపలా పద్ధతిలో మైదానం 53 గజాల వెడల్పును వెనక ముగ్గురు పంచుకుంటారు, తలా దాదాపు 18. నలుగురు రిసీవర్లు తిన్నగా దూసుకొస్తే నడుమ ఉన్న సేఫ్టీ మీద ఇద్దరు పడతారు. ఇద్దరికీ మధ్యన వెనక్కి పోతూ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ భుజం తిరిగిన వైపు దూకాలి. ఇది బోర్డు మీద గీసి వదిలేస్తున్నారు. నలుగురిని పరుగెత్తించి, నిజంగా బంతి విసిరితే తప్ప ఒంటబట్టదు. కేకేసి చెప్పుకోవడం అసలే నేర్పట్లేదు. సేఫ్టీ అరవకపోతే కాపు కాసే ఇద్దరూ ఒకే రిసీవర్ వెంట పోతారు, రెండో రిసీవర్ ఖాళీగా మిగులుతాడు.

నేల గట్టి చెలక. పొడుగు స్టడ్లు దిగవు, తిరిగేటప్పుడు జారి మోకాలికి దెబ్బ తగులుతుంది. పొట్టి రబ్బరు స్టడ్ల షూ తెచ్చుకోండి. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు లేకుండా టాకిల్ (పట్టి పడేయడం) చేయించరు, మంచి పద్ధతి.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉన్నది ఫ్లాగ్ ఫుట్‌బాల్, టాకిల్‌కు బదులు నడుముకు కట్టిన ఫ్లాగ్ లాగే ఆట, జట్టుకు ఐదుగురు. దాని మీద ఆశ ఉన్న పిల్లలకు ఈ అడుగుల పని అంతా పనికొస్తుంది, కానీ నడుముకున్న ఫ్లాగ్ లాగడం ఇక్కడి పాఠంలో లేదు, విడిగా అడిగి నేర్చుకోవాలి.