మలావీలో మిషన్ స్కూలు టీచర్‌గా ఉన్నాక: అక్కడి తిండి, అక్కడి మనుషులు

ఆఫ్రికాలోని మలావీకి టీచర్‌గా వెళ్దామనుకునే మన చర్చి సంఘాల పిల్లలు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే: "అక్కడ అన్నం దొరుకుతుందా అక్కా?" దొరుకుతుంది. ఉత్తరాన కరోంగా వైపు పండే కిలొంబెరో బియ్యం కమ్మని వాసనతో బాగుంటాయి. కానీ మూడు పూటలా అన్నమే వండుకుని తిందామనుకుంటే ఈ పని మీకు కుదరదని చెప్తాను. డెడ్జా జిల్లాలో ఒక మిషన్ ప్రైమరీ స్కూల్లో కొన్నేళ్ళు లెక్కలు, సైన్సు చెప్పాను. అక్కడివాళ్ళ ఇంట్లో కూర్చుని వాళ్ళు తినేదే తినే టీచర్ వల్లే ఆ పిల్లలకు మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

అక్కడ భోజనం అంటే న్సిమా. తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. మన రాయలసీమ సంగటి తిన్నవాళ్ళకు అది కొత్తేమీ కాదు. గోరువెచ్చని నీళ్ళలో ముందు కాస్త పిండి కలిపి జావలా ఉడకనిస్తారు. తర్వాత మిగతా పిండి పోస్తూ పెద్ద చెక్క తెడ్డుతో బలంగా కలుపుతారు. ఆ కలపడంలోనే పనితనమంతా ఉంటుంది, భుజాలు నొప్పి పుడతాయి. 2017లో యునెస్కో ఈ వంట సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. పిండి రెండు రకాలు. తవుడు తీసేసిన తెల్లపిండి మెత్తగా ఉంటుంది, చూపుకి బాగుంటుంది. పొట్టుతో సహా ఆడించిన ఎంగాయివా కాస్త గరుకు, కానీ బలం దానిలోనే. నా ఓటు ఎంగాయివాకే. తిన్నాక మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

తినే ముందు ఇంట్లో చిన్నవాళ్ళు చెంబుతో అందరి చేతుల మీద నీళ్ళు పోస్తారు. ప్రార్థన చేసుకుంటారు. కుడిచేత్తో ముద్ద తీసి, ఉండ చేసి, బొటనవేలితో చిన్న గుంట నొక్కి కూరలో అద్దుకుంటారు. చేత్తో తినడం మనకు పుట్టుకతో వచ్చిందే కాబట్టి తెలుగువాళ్ళు మొదటి రోజే ఆ ఇంట్లో కలిసిపోతారు. మాతో వచ్చిన ఇతర దేశాల వాలంటీర్లు స్పూన్ కోసం చూస్తుంటే, నేను ఉంటున్న ఇంటి అమ్మ నన్ను చూపించి పక్కింటివాళ్ళకు గొప్పగా చెప్పుకునేది.

కూరల్లో అన్నిటికన్నా నాకు నచ్చింది గుమ్మడాకు. లేత ఆకుల ఈనెలు తీసి, టమాటాతో ఉడికించి, పల్లీల పొడి కలుపుతారు. నూనె చుక్క ఉండదు. మసాలా ఉండదు. అయినా రోజూ తినొచ్చు. శాకాహారులు ధైర్యంగా వెళ్ళొచ్చని నేను చెప్పేది ఈ ఒక్క కూర చూసుకునే. బెండకాయను సోడా వేసి జిగురుగా వండుతారు, అది అలవాటు కావడానికి టైం పడుతుంది. మలావీ సరస్సు నుంచి వచ్చే చాంబో చేప వేపుడు పండుగ భోజనం. ఉసిపా అనే సన్న చేపలు ఎండబెట్టి అమ్ముతారు, మన ఎండుచేపల కూర తెలిసినవాళ్ళకు అది దొరికితే చాలు. కారానికి నాలీ సాస్ సీసా ఒకటి దగ్గర పెట్టుకోండి. తొలకరి వానల్లో దీపాల కింద రాలే ఉసిళ్ళను రెక్కలు తీసి ఉప్పు వేసి వేయిస్తారు. మన పల్లెల్లో పాతకాలం వాళ్ళు తిన్నవే కదా, మొహం చిట్లించక్కర్లేదు. రాజధాని లిలాంగ్వే నుంచి బ్లాంటైర్ నగరానికి వెళ్ళే రోడ్డు పక్కన కుర్రాళ్ళు కర్రలకు గుచ్చిన పొలం ఎలుకలు అమ్ముతారు. నేను తిన్నాను. ఉప్పగా, పొగ వాసనతో ఉంటుంది. మళ్ళీ తినాలనిపించలేదు, కానీ పెట్టిన చేతిని కాదనలేదు.

ఇక కందులు. అక్కడ వాటిని నాందోలో అంటారు. ఎక్కువగా దక్షిణాన మొక్కజొన్నలో అంతరపంటగా వేస్తారు. 2017లో మన దేశం కందుల దిగుమతికి పరిమితి పెట్టినప్పుడు ఆ రైతులకు ధర కుప్పకూలింది. 2021లో ఏడాదికి 50,000 టన్నులు కొంటామని భారత్ ఒప్పందం చేసుకుంది. మనం ఇక్కడ పప్పన్నం తింటుంటే దాని వెనక ఎవరి చెమట ఉందో అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. మా ఇంట్లో వాళ్ళు కందులను పొట్టుతోనే ఉడికించి ఉప్పు, టమాటా వేస్తారు. నేను పొట్టు తీసి, ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టి పప్పు చేశాను. న్సిమాతో అద్భుతంగా కుదిరింది. తర్వాత చర్చి స్త్రీల సమాజంలో అందరికీ నేర్పించమని పాస్టర్ గారి భార్య అడిగారు.

తిండికీ చదువుకీ ఉన్న లంకె నాకు జనవరిలో అర్థమైంది. డిసెంబరు నుంచి మార్చి దాకా పాత గింజలు అయిపోయి, కొత్త పంట చేతికి రాని కాలం. 1994 నుంచి ప్రైమరీ చదువుకి ఫీజు లేదు, అందుకే తరగతులు కిటకిటలాడతాయి. అదే తరగతిలో ఆ నెలల్లో సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్ళూ నిద్రపోతుంటారు. మా ఇంట్లోనూ రెండు పూటల న్సిమా ఒక పూటకి వచ్చింది, కాబట్టి నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. లెక్కలు పొద్దున్నే చెప్పేసేదాన్ని. మమ్మల్ని పంపిన సంస్థ మొదట గోడలు, గేటు, వంటమనిషి ఉన్న గెస్ట్‌హౌస్‌లో పెట్టింది. నేను పట్టుబట్టి ఊళ్ళోకి మారాను. గెస్ట్‌హౌస్‌లోనే ఉండిపోయిన వాలంటీర్లు మంచివాళ్ళే, కానీ పిల్లలకు శ్రద్ధ లేదని రిపోర్టులు రాశారు. ఆ రిపోర్టులు చూసి నాకు చాలా బాధ కలిగింది. వాలంటీర్లను కుటుంబాల మధ్య ఉంచని సంస్థతో వెళ్ళొద్దని నేను ఎవరికైనా చెప్తాను.

చేవా ప్రజల గులే వామ్కులు ముసుగు నాట్యం గురించి ఒక మాట. యునెస్కో 2005లో దాన్ని గుర్తించింది. చాలా సంఘాలు విశ్వాసులను దానికి దూరంగా ఉండమంటాయి, నేనూ పాల్గొనలేదు. కానీ తెలియని దాని మీద ప్రసంగం చేయకూడదు. డెడ్జా జిల్లాలోనే మువా మిషన్‌లో కుంగోని అనే సాంస్కృతిక కేంద్రం ఉంది. కాథలిక్ ఫాదర్ క్లాడ్ బూషే 1976లో మొదలుపెట్టారు. అక్కడి మ్యూజియంలో వందల ముసుగులు, ఒక్కోదానికి ఒక్కో కథ. వెళ్ళిన మొదటి నెలలోనే చూసి రండి. అలాగే ఊళ్ళో ఎవరైనా పోతే పని ఆపి వెళ్ళండి. ఆడవాళ్ళు పిండి, కట్టెలు మోసుకెళ్ళి వండుతారు. ఆ వరుసలో నిలబడి తెడ్డు పట్టుకున్న రోజు నుంచే పిల్లల తల్లులు నాతో మనసు విప్పి మాట్లాడారు.

1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని మిషనరీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పంపారు. ఆయన వెళ్ళింది అక్కడి తెలుగు కూలీల మధ్యకి. మనం వెళ్ళేది మన భాష, మన పాట తెలియని వాళ్ళ దగ్గరికి, కాబట్టి ఇంకా ఎక్కువ నేర్చుకుని వెళ్ళాలి.

ఇబ్బందులు: 2023 నవంబరులో అక్కడి డబ్బు క్వాచా విలువ 44 శాతం తగ్గించాక పంచదార, నూనె ధరలు మండిపోయాయి. అందుకే ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పంచదార, సబ్బు పట్టుకెళ్ళండి. మీకోసం నాటుకోడి కోస్తే వద్దనకండి. మలేరియా ఏడాది పొడుగునా ఉంటుంది, డాక్టర్ చెప్పిన మాత్రలు మానొద్దు. నీళ్ళు మరిగించి తాగండి. ఆవాలు, పసుపు లిలాంగ్వే పాత టౌన్‌లోని భారతీయుల కొట్లలో దొరుకుతాయి, చింతపండు సరస్సు వైపు చెట్లకే కాస్తుంది. జూన్, జూలైలో డెడ్జా చలికి స్వెట్టర్ తప్పనిసరి.

స్కూలు సెప్టెంబరులో మొదలవుతుంది, కానీ మీరు మే నెలలోనే చేరుకునేలా చూసుకోండి. అప్పుడు కొత్త మొక్కజొన్న ఇంటికి వచ్చి ఉంటుంది, మీరొచ్చి కూర్చున్నా ఆ ఇంటికి బరువు కాదు. స్కూలు తెరిచేలోపు అక్కడి భాష చిచేవాలో నాలుగు ముక్కలు మాట్లాడటం, న్సిమా కలపడం రెండూ వచ్చేస్తాయి.