సగంలో ఆగిన హెరాల్డ్‌కి ఏ ఇంజను మేలు: సొంతదా, ఈకోదా, జిప్సీదా?

కడపలో మా షెడ్డుకొచ్చి ఆ పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారుని చూసినోళ్లంతా అడిగేది ఒకటే, అన్నా దీంట్లో మారుతి ఈకో ఇంజను ఏసేయొచ్చు కదా అని. ఫోన్లు చేసేవాళ్లదీ అదే మాట. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే సరిపోతుందని కూర్చున్నా. బండి రెండు డోర్లది. పాత ఓనరు ఓపెన్ టాప్ చేసుకుందామని మొదలుపెట్టి సగంలో వదిలేసినాడు, అయితే హెరాల్డ్ పైకప్పు బోల్టులతో బిగించేదే కాబట్టి కోయకుండా విప్పి గోడకి ఆనించి పెట్టినాడు, దానికి ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నా చేతికి వచ్చేసరికి చాసీ, బాడీ, వెనక యాక్సిల్ అన్నీ ఉన్నాయి, ఇంజను మాత్రం విప్పేసి గోనెపట్ట కింద ముక్కలుముక్కలుగా ఉండింది.

నేను ఈ హెరాల్డ్‌ని స్పోర్ట్స్ కారు అంటే, ఇది స్పోర్ట్స్ కారు ఎట్లయింది అంటారు కొందరు. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఈ హెరాల్డ్ చాసీని పొట్టి చేసి కట్టిందే, రెండూ ఇటలీ డిజైనరు మిచెలోట్టి గీసినవే. బానెట్టు మొత్తం ముందుకి తిరగబడుతుంది, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. అందుకే ఈ బండిని చూస్తే అందరికీ ఇంజను మార్చాలనే ఆశ పుడతాది.

ముందు ఈకో సంగతి. 1.2 లీటర్లు, 2022 దాకా వచ్చిన బండ్లలో 73 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాకు, ఇంజను బండి పొడవునా ఉండి వెనక చక్రాలకి తోలే బండి కాబట్టి గేరుబాక్సుతో సహా వస్తాది, అదీ అయిదు గేర్లది. స్విఫ్ట్, వ్యాగనార్ ఇంజన్లు అడ్డంగా కూర్చునేవి, వాటి జోలికి పోవద్దు. పార్టులు మా ఊర్లో ఏ మూలకి పోయినా దొరుకుతాయి. మారుతి జిప్సీది 1.3 లీటర్లు, ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) వచ్చినాక 80 హార్స్‌పవర్ దాకా ఇస్తాది, దాంట్లో ఇంకో మేలు ఏందంటే ఫోర్ వీల్ కేసు గేరుబాక్సుకి అంటుకొని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టుతో విడిగా ఉంటాది, కాబట్టి కేసు పక్కన పెట్టేసి గేరుబాక్సు మాత్రం వాడుకోవచ్చు. ఈ రెండిట్లో ఏది అంటే నేను ఈకో అంటా, జిప్సీ ఇంజన్లకి ఇప్పుడు రేటు బాగా చెప్తాండారు, పైగా బాగా నలిగినవే ఎక్కువ. ఏది తెచ్చినా ఈసీఎం (ఇంజను కంప్యూటరు), వైరింగు, సెన్సార్లు, తాళం అన్నీ ఒకే బండివి తెచ్చుకోండి. ఆయిల్ చాంబరు లోతు ముందుందా వెనకుందా టేపు పెట్టి కొలుచుకోండి, హెరాల్డ్ చాసీలో ముందు అడ్డపట్టీకి (క్రాస్ మెంబరు) తగిలితే చాంబరు కోసి వెల్డింగు చేయాల్సి వస్తాది.

ఇంతవరకు అందరూ మాట్లాడేదే. ఎవరూ మాట్లాడనిది వెనక భాగం.

హెరాల్డ్ వెనక స్వింగ్ యాక్సిల్. డిఫరెన్షియల్ చాసీకి బిగించి ఉంటాది, రెండు సగం షాఫ్టులు అక్కడినుంచి రెక్కల మాదిరి కిందికీ పైకీ ఊగుతాయి, పైన అడ్డంగా ఒకటే స్ప్రింగు పట్టీ. మలుపులో స్పీడుగా పోతా ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక బండి పైకి లేస్తాది, బయటి చక్రం లోపలికి మడుచుకుంటాది, టైరు అంచు మీద నిలబడతాది, అంతే, వెనక భాగం పక్కకి జారిపోతాది. దోస్తు ఒకతను వాళ్ల హెరాల్డ్‌లో పెద్ద ఇంజను ఎక్కించినాక నేను పక్కన కూర్చొని గువ్వలచెరువు ఘాట్ దిగినా. మూడో మలుపులో లారీ ఎదురొచ్చి కాలు తీసినాడు, వెనక ఒక్కసారి ఎగిరి పక్కకి అడుగు వేసింది. ఇద్దరం కింద ఆపి పావుగంట మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ రోజే నాకు అర్థమయింది, ఈ బండికి ఇంజను ఎంచుకోవడం అంటే వెనక చక్రాలు ఎంత మోస్తాయో చూసి ఎంచుకోవడమే.

ఇది నేనొక్కడినే అనేది కాదు. ఇంగ్లాండులో హెరాల్డ్ చేసిన ట్రయంఫ్ కంపెనీవాళ్లే ఇదే బాడీలో ఆరు సిలిండర్లు పెట్టి విటెస్ అని అమ్మినారు, 2 లీటర్ల ఇంజను 95 హార్స్‌పవర్‌కి వచ్చేసరికి అందరూ తిట్టినారు, 1968లో మార్క్ 2కి వెనక సస్పెన్షనే మార్చినారు. స్పిట్‌ఫైర్‌కి కూడా 1970లో మార్క్ 4 వచ్చినప్పుడు ఆ పట్టీ మార్చి మధ్యలో ఊగే పట్టీ, అంటే స్వింగ్ స్ప్రింగ్ పెట్టినారు. మన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ అయితే హెరాల్డ్ తర్వాత గజెల్ కారు తీసుకొచ్చినప్పుడు స్వింగ్ యాక్సిల్ పూర్తిగా తీసేసి, రెండు చక్రాలనీ కలిపే మామూలు హౌసింగే పెట్టింది. హెరాల్డ్ సొంత 948 సీసీ ఇంజను ఇచ్చేది దాదాపు 35 హార్స్‌పవర్. దానికి చూసుకొని చేసిన వెనక భాగానికి, నాలుగు డ్రమ్ బ్రేకులకి, దానికి రెట్టింపు ఇంజను తగిలిస్తే షెడ్డులో బాగుంటాది, ఘాట్‌లో బాగుండదు.

అందుకే నేను సొంత 948నే కట్టిస్తాండా. దాంట్లో లోపాలు లేవని చెప్పను. క్రాంకుకి మూడే మెయిన్ బేరింగులు, అనంతపురం మీదుగా బెంగుళూరు హైవేలో గంటకి వంద తోలితే దానికి కష్టం, 80 దగ్గర హాయిగా పోతాది. హెడ్డు పాతకాలపు సీసం పెట్రోలుకి చేసింది, గట్టి వాల్వు సీట్లు వేయించాల్సిందే. ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు ఉబ్బి చీలతాయి, అన్నీ మార్చాల. మే నెల ఎండకి రేడియేటర్‌లో కోరు కొత్తది, వెనకాల ఎలక్ట్రిక్ ఫ్యాను, ఇవి తప్పవు. స్టాండర్డ్ పెన్నెంట్‌లో, స్టాండర్డ్ టెన్‌లో ఉండేది ఇదే ఇంజను, పార్టుల కోసం చెన్నై పుదుపేటలో ఓపిగ్గా తిరగాల. మౌంటింగ్‌లు, బెల్ హౌసింగ్, షాఫ్టు పొడవు, స్పీడోమీటరు కేబులు, ఒక్కటి కూడా కొత్తగా చేయించే పని లేదు. సగంలో ఆగిన బండికి అదే ముఖ్యం, ఎందుకంటే ఆగిపోయిన బండ్లన్నీ ఇట్లాంటి చిన్న పనులు పేరుకుపోయే ఆగినాయి.

రోంత బలం కావాలంటే స్పిట్‌ఫైర్ 1147 గానీ 1296 గానీ ఇదే కుటుంబం, స్ట్రోకు కూడా అదే 76 మిల్లీమీటర్లు, అదే మౌంటింగ్‌ల మీద కూర్చుంటాది. ఇంగ్లాండు నుంచి తెప్పించుకునే స్తోమత ఉంటే మంచిదే. ప్రీమియర్ 118ఎన్ఈ కారులోని నిస్సాన్ ఏ12 కూడా చెప్తారు, 1171 సీసీ, అయిదు బేరింగులు, చాలా మంచి ఇంజను, కానీ ఇప్పుడు మంచిది దొరకడం హెరాల్డ్ ఇంజను దొరకడం కన్నా తేలిక ఏం కాదు. డీజిలు వద్దు, ముక్కు బరువెక్కిపోతాది.

కాగితాల మాట కూడా చెప్పాల. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజి రూల్స్‌లో 50 ఏళ్లు దాటిన బండికి వేరే రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు 20,000 రూపాయలు, కానీ బండి ఒరిజినల్‌గా ఉండాల. నా బ్లాకు మీద నంబరు ఆర్సీలో ఉన్న నంబరే. దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇంత చెప్పినా ఈకోనే కావాల అనేవాళ్లు ఉంటారు, తప్పనను, బలమైన ఇంజను అది. అట్లయితే ఇంజను కొనకముందే ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, వెనక స్వింగ్ స్ప్రింగు, చక్రాల బేరింగులు అన్నీ కొత్తవి బిగించండి. పాత ఇంజనుతోనే ఒక నెల తోలి చూడండి, వెనక భాగం బాగా నిలబడితేనే ఈకో ఇంజనుకి డబ్బులు కట్టండి.