లూయిస్ తరుక్ ఆత్మకథలు: ఒకటి కాదు, రెండూ కొనండి

రెండు పుస్తకాలకీ కలిపి ఒకటే రివ్యూ రాస్తున్నాను, ఎందుకంటే ఏ ఒక్కటి చదివినా ఈ మనిషి సగమే దొరుకుతాడు. ఫిలిప్పీన్స్‌లో హుక్ అని పిలిచే రైతు గెరిల్లాలను నడిపిన లూయిస్ తరుక్ తన కథను రెండుసార్లు చెప్పాడు. మొదటిది ‘బార్న్ ఆఫ్ ద పీపుల్’, 1953లో న్యూయార్క్‌లో అచ్చయ్యేనాటికి ఆయన ఇంకా అజ్ఞాతంలోనే ఉన్నాడు. రెండోది ‘హి హూ రైడ్స్ ద టైగర్’, 1967లో వచ్చింది, అప్పుడు జైల్లో ఉన్నాడు.

ముందు కాపీ సంగతి చెప్తాను. మొదటి పుస్తకం పాతదే దొరికింది. అమ్మినతను ‘కండిషన్ చాలా బాగుంది’ అని రాశాడు గానీ, తెరవగానే వెన్నులో ఎండిపోయిన జిగురు పొడిపొడిగా రాలి, మొదటి పేజీలన్నీ కట్టగా చేతిలోకి వచ్చేశాయి. మీరు కొనేటట్టయితే అట్ట ఫొటో చూసి సరిపెట్టుకోకుండా వెన్ను ఫొటో కూడా అడగండి. అయినా నేను వెనక్కి పంపలేదు, ఎందుకంటే నాకంటే ముందు చదివినవాళ్లెవరో అప్పు, పంట వాటా మాట వచ్చిన చోటల్లా అంచున పెన్సిల్‌తో సన్నటి గీత పెట్టారు, ఆ గీతల వెంట పోతే పుస్తకం గుండెకాయ ఎక్కడుందో తెలిసిపోయింది.

తరుక్ 1913లో పంపంగా ప్రావిన్స్‌లోని సాన్ లూయిస్‌లో పేద రైతు ఇంట పుట్టాడు. అక్కడ పండిన ధాన్యంలో సగం భూస్వామికి పోయేది, మిగిలిన సగంలోంచి పాత అప్పు తీర్చాలి. రెండు బస్తాలు తెచ్చుకుంటే మూడు కొలిచే పద్ధతికి తాలిందువా అని, తెచ్చినదానికి రెట్టింపు ఇవ్వాల్సిన దానికి తాకిపాన్ అని పేర్లుండేవి. కల్లంలో కుప్ప కళ్లముందే ఉంటుంది, ఇంటికి మాత్రం చాటలో పట్టేంత వస్తుంది, మళ్లీ ఆ భూస్వామి గుమ్మానికే వెళ్లి అప్పు అడగాలి. ఈ లెక్క అర్థం కాకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు, అందుకే ఈ భాగం తొందరపడకుండా చదవమంటాను.

మనీలాలో రెండేళ్లు చదివి, డబ్బుల్లేక వెనక్కొచ్చి, బులకాన్‌లోని సాన్ మిగెల్‌లో టైలర్ షాపు పెట్టుకున్నాడు. ఆ షాపు వదిలేసి పేద్రో అబాద్ సాంతోస్ వెంట రైతు సంఘాల పనిలో దిగాడు. పేద్రో సోషలిస్టు, లాయరు, బాగా ఉన్న కుటుంబంలోంచి వచ్చినవాడు. ఆయన తమ్ముడు హోసే దేశ చీఫ్ జస్టిస్, 1942లో జపాన్ సైన్యం ఆయన్ని చంపేసింది. అదే ఏడాది మార్చి 29న జపాన్‌కి వ్యతిరేకంగా హుక్‌బలహాప్ అనే గెరిల్లా సైన్యం, అంటే ఈ హుక్‌లు, పుట్టింది, తరుక్ దానికి కమాండర్ అయ్యాడు.

యుద్ధం చివర్లోనూ, అయ్యాకా జరిగింది చదువుతుంటే నాకు నిజంగా కడుపు మండింది. జపాన్‌తో పోరాడిన హుక్ దళం ఒకదాన్ని, వందమందికి పైగా మనుషుల్ని, 1945 ఫిబ్రవరిలో మలోలోస్‌లో సాటి ఫిలిప్పీనో గెరిల్లాలే కాల్చేశారు. తరుక్‌ని అప్పటికింకా దేశాన్ని ఏలుతున్న అమెరికన్లు పట్టుకుని పలావాన్‌లోని ఇవాహిగ్ జైల్లో పెట్టారు. బయటికొచ్చి 1946లో ఎన్నికల్లో గెలిస్తే సభలో కూర్చోనివ్వలేదు, ఎందుకంటే దేశ సహజ వనరుల మీద అమెరికన్లకీ సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణకి ఆయనా, ఆయన తోటివాళ్లూ అడ్డు. ఆ ఆగస్టులోనే రైతు నాయకుడు హువాన్ ఫెలియోని ఎత్తుకెళ్లి చంపారు. తరుక్ మళ్లీ తుపాకీ పట్టాడు.

మొదటి పుస్తకంలో లోపం కూడా చెప్పాలి. కథ తరుక్‌దే, రాసిన చెయ్యి మాత్రం హుక్‌లతో కలిసి కొండల్లో తిరిగిన అమెరికన్ విలియం పొమరాయ్‌ది. సాన్ లూయిస్ పొలాల దగ్గర వినిపించే గొంతు చివరికొచ్చేసరికి కమ్యూనిస్టు పార్టీ ప్రకటనలా మారిపోతుంది. పైగా ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1954 మే నెలలో, తరుక్ లొంగిపోయాడు. నాలుగు నెలల మంతనాలు నడిపింది 21 ఏళ్ల కుర్ర జర్నలిస్టు బెనిగ్నో అకీనో. ముగింపులో అంత ధీమాగా మాట్లాడిన మనిషి ఎందుకు దిగొచ్చాడో తెలియాలంటే రెండో పుస్తకం తెరవాల్సిందే.

అందులో ఆ పార్టీని నడిపిన లావా సోదరులతో గొడవలు, పార్టీ మీద అనుమానాలు, వదిలిపెట్టని క్రైస్తవ విశ్వాసం అన్నీ ఉన్నాయి. ఓడిపోయినవాడు తనను తాను సమర్థించుకుంటున్న చోట్లు చాలానే కనిపిస్తాయి, అక్కడ కొంచెం జాగ్రత్తగా చదవాలి. కానీ పులి మీద స్వారీ చేసేవాడు దిగలేడన్న మాటను, దిగి జైలుకి పోయినవాడి నోట వింటాం చూడండి, దానికోసమే నేను మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను. అధ్యక్షుడు మార్కోస్ 1968లో క్షమాభిక్ష పెట్టేవరకూ ఆయన లోపలే ఉన్నాడు, 2005లో 91 ఏళ్ల వయసులో పోయాడు.

ఇంగ్లిష్ కష్టంగా ఏమీ లేదు. చదివేటప్పుడు పంపంగా, బులకాన్ ఉన్న సెంట్రల్ లుజోన్ మ్యాప్ ఫోన్‌లో పక్కన పెట్టుకోండి, చదునైన పొలాల మధ్య ఒంటరిగా నిలబడ్డ అరాయత్ కొండ, దాని దక్షిణాన కందాబ చిత్తడి చూస్తే గెరిల్లాలు ఎక్కడ దాక్కునేవాళ్లో చప్పున అర్థమవుతుంది. 1953 పుస్తకమే ముందు చదవండి. మొదటిదానికి నాలుగు స్టార్లు, రెండోదానికి మూడున్నర. ఊడిన పేజీలకు దారంతో కుట్టు వేయించి, గట్టి అట్ట కట్టించాను, ఈ కాపీ ఎవరికీ అమ్మను.