మారిషస్‌లో బస ఎటువైపు?

మారిషస్ వెళ్ళొచ్చిన వాళ్ళని అడిగి చూడండి, ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు. గాలికి బీచ్‌లో కూర్చోలేకపోయాం అని ఒకరు, అలే లేదు, పిల్లలు పొద్దస్తమానం నీళ్ళలోనే ఉన్నారు అని ఇంకొకరు, రోజూ వానే అని మరొకరు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఏ నెలలో వెళ్ళారు, ద్వీపంలో ఎటువైపు దిగారు అన్నదాన్ని బట్టే అక్కడ ట్రిప్ మారిపోతుంది. మేము వెళ్ళింది జూలైలో, అంటే వాళ్ళ చలికాలంలో.

మడగాస్కర్‌కి తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉంటుందీ దేశం. ప్రధాన ద్వీపం విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. రోడ్రిగ్స్, అగలేగా లాంటి ద్వీపాలు దూరంగా విడిగా ఉన్నాయి. ప్రధాన ద్వీపం అగ్నిపర్వతం నుంచి పుట్టింది కాబట్టి మధ్యలో ఎత్తైన పీఠభూమి ఉంటుంది. ఆగ్నేయం నుంచి వీచే గాలులు ముందు తూర్పు తీరాన్ని తాకి, పీఠభూమి మీద వాన కురిపించేసి, పడమటి తీరానికి పొడిగా దిగుతాయి. పీఠభూమి మీదున్న క్యూర్‌పిప్ ఊళ్ళో గొడుగు వేసుకుని బయల్దేరితే పడమటి తీరంలోని ఫ్లిక్-అన్-ఫ్లాక్ చేరేసరికి చలవ కళ్ళజోడు పెట్టుకోవాల్సి వచ్చింది.

అందుకే మా బస రెండు చోట్ల పెట్టుకున్నాం. ముందు ఉత్తరాన గ్రాండ్ బే. హోటళ్ళు, షాపులు, మన భోజనం, పడవల బుకింగు అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి, రాత్రి కూడా సందడే. బీచ్ మాత్రం మామూలుగా ఉంది, ముందంతా పడవలే. తర్వాత పడమట ఫ్లిక్-అన్-ఫ్లాక్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్. నాకైతే ఇదే నచ్చింది. సరుగుడు చెట్ల నీడ, పొడవైన తెల్ల ఇసుక, పగడపు దిబ్బ అడ్డుండటంతో ఒడ్డున అల తాకిడే లేదు. మాతో విమానంలో వచ్చిన ఒక కుటుంబానికి ట్రావెల్ ఏజెంటు తూర్పు తీరంలో ఖరీదైన రిసార్ట్ అంటగట్టాడు. రిసార్ట్‌కి వంక పెట్టడానికి లేదు, కానీ జూలైలో అక్కడ వీచే గాలి గురించి ఒక్క ముక్క చెప్పలేదట. ఇంకో సంగతి, అక్కడ బీచ్‌లు ప్రజలవే. రిసార్ట్ ముందున్న ఇసుక మీద ఎవరైనా నడవొచ్చు, అందుకని బీచ్ కోసమే పెద్ద రిసార్ట్‌కి డబ్బులు పోయనక్కర్లేదు.

మ్యాప్‌లో చూసి దూరాలు చిన్నవే కదా అనుకుంటాం. విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఉంది, గ్రాండ్ బే వెళ్ళడానికి గంటకి పైనే పట్టింది. బస్సులు చవక, కండక్టర్లు ఓపికగా చెప్తారు, కానీ ఊళ్ళవైపు చీకటి పడితే బస్సు దొరకదు. టాక్సీ అయితే ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి. రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పిప్ దాకా మెట్రో రైలు ఉంది, శుభ్రంగా ఉంది, ట్రాఫిక్ టెన్షన్ లేదు. మిగతా చోట్లకి మేము కారు అద్దెకి తీసుకున్నాం. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు.

తిండి సంగతికొస్తే దోల్ పూరీ దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగుతాను. శనగపప్పు ఉడికించి, పొడిలా చేసి, లోపల పెట్టి పల్చగా వత్తి కాలుస్తారు, మన బొబ్బట్టులో బెల్లం తీసేసినట్టు. బండి దగ్గర అడిగితే ఒకదాని మీద ఒకటి రెండు పరిచి, చిక్కుడు గింజల కూర ఒక గరిటె, రుగాయ్ అనే టమాటా గుజ్జు కూర ఒక గరిటె, పైన పచ్చిమిరప పచ్చడి రాసి, చుట్టి కాగితంలో పెట్టి ఇస్తాడు. 'పిమాన్?' అని అడిగితే కారం వేయమంటావా అని. ఆంధ్రావాళ్ళమన్న ధీమాతో తలూపకండి, అది నిజంగానే మండుతుంది. శాకాహారులకి పొద్దున్న ఇది, సాయంత్రం పప్పు వడల్లాంటి గాటో పిమాన్ ఉంటే చాలు. వాళ్ళ డబ్బు కూడా రూపాయే. 2024 ఫిబ్రవరిలో అక్కడ మన యూపీఐ మొదలుపెట్టారు గానీ, బండ్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు జేబులో నోట్లు ఉంచుకోండి.

షమరెల్ ఏడు రంగుల నేల ఫోటోల్లో ఉన్నంత గొప్పగా లేదు. ఎండ లేకపోతే మరీ. దగ్గర్లోని జలపాతం నయం. దక్షిణాన గ్రీ-గ్రీ మాత్రం వదలొద్దు. అక్కడ పగడపు దిబ్బ లేదు కాబట్టి సముద్రం నేరుగా నల్లరాతి కొండని కొడుతుంది. చూడటానికే, ఈతకి కాదు. గంగా తలావ్ అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు, ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి లక్షల మంది నడిచొస్తారట. జూలైలో పొగమంచు, చలి, చేతిలో అరటిపండు కోసం కాచుకున్న కోతులు. స్వెట్టర్ తప్పనిసరి.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ చూడకుండా రావద్దు. 1834 నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద తెచ్చిన కూలీలు ఓడ దిగి ఎక్కిన పదహారు మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మనవాళ్ళు కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వచ్చారు, అందుకే వాళ్ళని కోరంగీలు అనేవారు. ఇప్పుడు అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే. మా టాక్సీ డ్రైవరుకి ముత్తాత పేరే ఇంటిపేరు. తెలుగులో నాలుగు మాటలు కలిపి చెప్పలేడు, అక్కడి వాడుక భాష క్రియోలే అంతా. కానీ ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ, రామభజన ఎలా చేస్తారో దారి పొడవునా చెప్పుకొచ్చాడు.

నవంబరు తర్వాత వెళ్ళేవాళ్ళకి నేను చెప్పిన బస లెక్క పనికిరాదు. ఎండాకాలంలో పడమటి తీరం ఉక్కపోస్తుంది, అదే తూర్పు గాలి అప్పుడు హాయిగా ఉంటుంది. తూర్పు తీరంలోని బెల్ మార్ వైపు చూడండి. జనవరి నుంచి మార్చి దాకా తుఫానులు ఎక్కువగా వచ్చే కాలం కాబట్టి డబ్బు వాపసు వచ్చే బుకింగే చేసుకోండి.