సూర్యుడి రాకపోకల లెక్క: ఫోటోపిల్స్ యాప్ వాడిన అనుభవం

నాలుగేళ్ల కిందట ఫిబ్రవరి నెల మధ్యలో, పెళ్లి కుదిరిన ఒక జంటను భువనగిరి గుట్ట నేపథ్యంగా ఫోటోలు తీయడానికి వెళ్లాను. గుట్టకు తూర్పున కిలోమీటరు దూరంలో, పొలం గట్టు మీద ఎదురువెలుగులో వాళ్లిద్దరూ నడిచి వస్తుంటే తీయాలని నా ఆలోచన. పంచాంగంలో సూర్యాస్తమయం సాయంత్రం 6:15కు అని ఉండడంతో, అయిదున్నరకు మొదలుపెడితే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. అమ్మాయి చీర సర్దుకుని గట్టు ఎక్కేసరికి 5:40 అయింది; అప్పటికే సూర్యుడు గుట్ట వెనక్కి వెళ్లిపోయి, పొలమంతా నీడ పరుచుకుంది. పంచాంగం తప్పేమీ లేదు. అది చెప్పింది క్షితిజం దగ్గర అస్తమయం; నా ముందున్నది దాదాపు 500 అడుగుల ఏకశిల. కిలోమీటరు దూరం నుంచి చూస్తే ఆ శిల ఎనిమిదిన్నర డిగ్రీల ఎత్తు వరకు ఆకాశాన్ని మూసేస్తుంది. మన అక్షాంశంలో సూర్యుడు ఒక్కో డిగ్రీ దిగడానికి నాలుగు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి, నాకు 36 నిమిషాల వెలుగు ముందుగానే లేకుండా పోయింది. ఈ చిన్న గుణకారం ఇంట్లో కూర్చుని చేసుకోవలసిందని తెలిసిన ఆ రాత్రే ఫోటోపిల్స్ కొన్నాను.

స్పెయిన్‌లోని మెనోర్కా దీవికి చెందిన ఒక చిన్న బృందం తయారు చేసిన యాప్ ఇది. ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ పనిచేస్తుంది. ఇందులో చంద్రుడికీ పాలపుంతకూ సంబంధించిన సాధనాలు కూడా ఉన్నాయి గాని, నేను ప్రధానంగా వాడేది ప్లానర్ అనే మ్యాప్ భాగాన్ని. మ్యాప్ మీద మనం నిలబడే చోట ఎర్ర పిన్ను పెడితే, ఆ రోజు సూర్యోదయ దిశ పసుపు గీతగా, అస్తమయ దిశ నారింజ గీతగా కనిపిస్తాయి. అడుగున ఉన్న కాలపట్టీని వేలితో జరుపుతుంటే, సూర్యుడు ఏ నిమిషంలో ఏ దిశలో ఎంత ఎత్తున ఉంటాడో అంకెల్లో వస్తుంది. రెండో పిన్నును గుట్ట మీద పెడితే రెండింటి మధ్య దూరమూ, ఎత్తుల తేడా, కోణమూ చెబుతుంది. భువనగిరిలో నేను చేయని గుణకారం సరిగ్గా ఇదే.

దీన్ని వాడడం మొదలుపెట్టాక నాకు తెలిసివచ్చిన మొదటి సంగతి, ఫోటోలకు మెత్తని బంగారు వెలుగు దొరికే గోల్డెన్ అవర్ గురించి. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల పైనుంచి 4 డిగ్రీల కిందికి దిగే వ్యవధిని ఈ యాప్ గోల్డెన్ అవర్‌గా లెక్కిస్తుంది. లండన్‌లో ఇది నిజంగానే గంటకు పైగా సాగుతుంది. మన తెలుగు ప్రాంతాల్లో సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కాబట్టి, ఈ వ్యవధి కాలాన్ని బట్టి 42 నుంచి 46 నిమిషాలే. ఇక సూర్యుడు 4 నుంచి 6 డిగ్రీల కింద ఉండగా ఆకాశం నీలంగా కనిపించే బ్లూ అవర్ మనకు తొమ్మిది నిమిషాలకు అటూఇటూ మాత్రమే. విదేశీ ఫోటోగ్రాఫర్ల వీడియోలు చూసి సాయంత్రపు షూట్‌లో మూడు జతల దుస్తులు మార్పిస్తామని మాట ఇచ్చేవాళ్లు ముందుగా ఈ అంకెలు చూడాలని నా మనవి.

యాప్ లెక్కలు ఎంతవరకు నిలుస్తాయో చూడాలని నేను అరసవల్లిని ఎంచుకున్నాను. సాధారణంగా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, మళ్లీ అక్టోబర్ 1, 2, 3 తేదీల్లోనూ అక్కడి మూలవిరాట్టు పాదాలపై తొలి కిరణాలు పడతాయని మనకందరికీ తెలుసు. యాప్‌లో మార్చి 10నీ అక్టోబర్ 2నీ వేసి చూస్తే రెండు రోజులూ సూర్యోదయ దిశ దాదాపు ఒకటే: ఉత్తరం నుంచి సుమారు 94 డిగ్రీలు, అంటే తూర్పు కంటే కాస్త దక్షిణంగా. ఉత్తరాయణంలో వెళుతూ ఒకసారి, దక్షిణాయనంలో తిరిగి వస్తూ ఒకసారి, సూర్యుడు ఒకే బిందువు మీదుగా నడుస్తాడు. ఆ తెర మీద రెండు గీతలూ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి పడడం చూసినప్పుడు, ఆ గుడిని కట్టిన స్థపతుల మీద నాకు గౌరవం ఎన్నో రెట్లు పెరిగింది.

తేదీ ఎంత ముఖ్యమో కూడా అక్కడే అర్థమైంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుల దగ్గర, అంటే మార్చి, సెప్టెంబర్ నెలల్లో, ఉదయాస్తమయాల దిశ రోజుకు 0.4 డిగ్రీలకు పైగా జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. కాబట్టి ఒక్క రోజు ఆలస్యమైతే బింబం దాదాపు తన వెడల్పంత పక్కకు తప్పుకుంటుంది. అదే జూన్, డిసెంబర్ నెలల మూడో వారంలో వారం రోజులు గడిచినా తేడా కంటికి ఆనదు. మనం కోరిన దిశ, ఎత్తు చెబితే అవి కుదిరే తేదీల జాబితాను ఇచ్చే ఫైండ్ అనే సాధనం ఇందులో ఉంది. యాప్ మొత్తానికి నేను పెట్టిన డబ్బు ఈ ఒక్క సాధనంతోనే తీరిపోయిందని చెప్పగలను.

బింబం పరిమాణం విషయంలో కూడా ఇది సాయపడుతుంది. భూమి నుంచి సూర్యుడి దూరం అతడి వ్యాసానికి సుమారు 107, 108 రెట్లు ఉంటుంది. అందువల్ల అయిదున్నర అడుగుల మనిషి సూర్యబింబంలో సరిగ్గా ఇమడాలంటే కెమెరా 180 మీటర్ల దూరంలో ఉండాలి. పది మీటర్ల ధ్వజస్తంభానికైతే కిలోమీటరు పైమాటే. అంత దూరం నుంచి పెద్ద టెలిఫోటో లెన్స్‌తో తీసేటప్పుడు ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, కళ్లు దెబ్బతింటాయి. వెనుక తెర మీదే చూసుకోండి.

ఫోన్ కెమెరా పైకెత్తితే సూర్యుడి దారి ఆకాశం మీద గీసినట్టు కనిపించే ఏఆర్ సదుపాయం ఆకర్షణీయంగా ఉంటుంది గాని, దాని దిశ ఫోన్‌లోని దిక్సూచి మీద ఆధారపడుతుంది. ఒకసారి అది చూపిన దారి అసలు సూర్యుడికి జానెడు పక్కన కనిపించింది. కారణం వెతికితే నా ఫోన్ కవరుకు ఉన్న అయస్కాంతపు మూత అని తేలింది. కవరు తీసి, కారుకు దూరంగా నడిచి, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పాక సర్దుకుంది. కచ్చితత్వం కావలసినప్పుడు మ్యాప్ మీది గీతనే నమ్మాలి.

లోపాలు లేకపోలేదు. చుట్టూ ఉన్న కొండలు ఉదయాస్తమయాలను ఎంత జరుపుతాయో ఇది తనంతట తాను చెప్పదు. రెండో పిన్ను పెట్టి మనమే లెక్క చూసుకోవాలి. గండికోట లోయ అడుగుకు ఎండ ఎప్పుడు దిగుతుందో చూడాలంటే, నేల ఎత్తుపల్లాలను బొమ్మగా చూపే ఫోటోగ్రాఫర్స్ ఎఫెమెరిస్ 3డీ మేలు. ఇంటర్నెట్ లేనిచోట మామూలుగా మ్యాప్ రాదు కాబట్టి, ప్లాన్‌ను ఇంటి దగ్గరే సిద్ధం చేసి తెర బొమ్మలు తీసుకుని వెళతాను. తెర నిండా అంకెలు ఉండడం వల్ల మొదటి వారం తికమక తప్పదు. సూర్యోదయ దిశ ఒక్కటి తెలిస్తే చాలనుకునేవారికి బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే సన్‌కాల్క్ సరిపోతుంది.

ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కుల తోరణాల్లో పడమటి దాని స్తంభాల నడుమ సూర్యుణ్ణి నిలపాలని నాకు చాలా కాలంగా కోరిక. తోరణం సరిగ్గా పడమర ముఖంగా ఉందనుకుంటే మార్చి 20న వెళ్లాలని ఎవరికైనా తోస్తుంది. అయితే వెనుక చెట్లూ ఇళ్లూ ఉన్నాయి కనుక నాకు సూర్యుడు 5 డిగ్రీల ఎత్తున ఉండగానే కావాలి. సూర్యుడు నిటారుగా కాక కాస్త ఉత్తరానికి వాలుతూ దిగుతాడు కాబట్టి, ఆ ఎత్తున కచ్చితంగా 270 డిగ్రీల దిశలో, అంటే నేరుగా పడమరన, ఉండేది మార్చి 24న అని ఫైండ్ చెప్పింది. మ్యాప్‌లో తోరణం అసలు దిశను కొలిచి దాన్ని బట్టి తేదీని మరికొంత సవరించుకుని, నిరుడు ట్రైపాడ్ వేసుకుని కాచుకున్నాను. ఎడమ స్తంభం చెక్కడాల అంచు మొదట ఎర్రబడింది. ఆ తరువాత బింబం స్తంభం చాటునుంచి జరిగి మధ్యకు వచ్చింది. పైన హంసలు నల్లని ఆకారాలుగా నిలిచాయి. సూర్యుడు తన వెడల్పంత కదలడానికి పట్టేది రెండు నిమిషాల చిల్లర. ఆ రెండు నిమిషాల్లో పదకొండు ఫోటోలు తీశాను.