విడివిడి టెక్స్చర్లా, ఒకే ఇమేజ్‌లో ప్యాకింగా: ఏది మేలు?

3డీ మోడల్‌కి రంగు, నార్మల్ మ్యాప్ (ఎగుడుదిగుళ్లు చూపేది) కాక మామూలుగా ఇంకో మూడు టెక్స్చర్లు (మోడల్ మీద పరిచే బొమ్మలు) కావాలి: అక్లూజన్ (మూలల్లో వెలుగు తగ్గే చోట్లు), రఫ్‌నెస్ (గరుకుదనం), మెటాలిక్ (లోహమా కాదా). మూడూ నలుపు తెలుపు బొమ్మలే, పిక్సెల్‌కి ఒక్క అంకె చాలు. అందుకే వాటిని ఒకే ఇమేజ్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో సర్దేస్తారు. గేమ్ కోసమైతే ప్యాకింగే మేలని నా అభిప్రాయం. కాకపోతే దేన్ని ఏ ఛానెల్‌లో పెడుతున్నామో, ఎప్పుడు పెడుతున్నామో చూసుకోవాలి.

ముందు మెమరీ లెక్క. 2048×2048 టెక్స్చర్‌ని ఒక్క ఛానెల్ కోసమే ఉన్న బీసీ4 అనే కంప్రెషన్ ఫార్మాట్‌లో కుదిస్తే, మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న కాపీలు) కలపకుండా 2 ఎంబీ. మూడు విడివిడిగా అంటే 6 ఎంబీ. మూడింటినీ ప్యాక్ చేసి, మూడు ఛానెళ్లు పట్టే బీసీ1లో పెడితే మొత్తం 2 ఎంబీయే. షేడర్ (పిక్సెల్ రంగు లెక్కగట్టే ప్రోగ్రామ్) కూడా మూడుసార్లు బదులు ఒక్కసారి చదివితే సరిపోతుంది.

క్వాలిటీ దగ్గర మాత్రం విడివిడి వాటిదే పైచేయి. బీసీ1 ప్రతి 4×4 పిక్సెళ్ల గడికీ రెండు రంగులే దాచుకుని, మిగతావి ఆ రెండిటి మధ్య నుంచి లెక్కగడుతుంది. మూడు ఛానెళ్లలో ఒకదానితో ఒకటి సంబంధం లేని వివరాలుంటే ఒకదాని అంచు ఇంకోదాంట్లోకి పాకుతుంది. ఒకసారి నా మోడల్‌లో మేకుల మెటాలిక్ అంచులు రఫ్‌నెస్‌లో మరకల్లా కనిపించాయి. తప్పు పెయింటింగ్‌లో ఉందనుకుని చాలాసేపు వెతికాను! అలాంటప్పుడు ఇంకా నాణ్యంగా కుదించే బీసీ7కి మారండి. 4 ఎంబీ అవుతుంది, అయినా 6 కంటే తక్కువే.

బీసీ1 ఆ రెండు రంగుల్లో ఆకుపచ్చకి 6 బిట్లు, ఎరుపు, నీలాలకి 5 చొప్పున ఇస్తుంది. రఫ్‌నెస్‌లో తేడా కంటికి త్వరగా తెలుస్తుంది కాబట్టి దాన్ని ఆకుపచ్చలో పెట్టడం మంచిది. జీఎల్‌టీఎఫ్ అనే 3డీ ఫైల్ ఫార్మాట్‌లోనూ రఫ్‌నెస్ చోటు అదే, మెటాలిక్ నీలంలో. యూనిటీ గేమ్ ఇంజిన్‌లోని హెచ్‌డీఆర్‌పీ అనే గ్రాఫిక్స్ పద్ధతి వరస వేరు: ఎరుపులో మెటాలిక్, ఆకుపచ్చలో అక్లూజన్, నీలంలో డీటెయిల్ మాస్క్ (సన్న వివరాలు ఎక్కడ కనిపించాలో చెప్పేది), ఆల్ఫా అనే నాలుగో ఛానెల్‌లో స్మూత్‌నెస్. స్మూత్‌నెస్ అంటే రఫ్‌నెస్‌కి తిరగేసిన విలువ, కాబట్టి ఇన్వర్ట్ చేయడం మర్చిపోవద్దు. ఏ వరసైనా ఇంపోర్ట్‌లో ఎస్‌ఆర్‌జీబీ (రంగు బొమ్మల కోసం ఉన్న సెట్టింగ్) ఆఫ్ చేయాలి. లేకపోతే ఇంజిన్ ఆ అంకెల్ని రంగులనుకుని మార్చేస్తుంది.

ఒకే ఇటుక రఫ్‌నెస్‌ని పది గోడలకి టైల్ చేస్తూ (పక్కపక్కనే మళ్లీ మళ్లీ పరుస్తూ), అక్లూజన్ మాత్రం ఏ గోడది ఆ గోడకి ఉంటే ప్యాకింగ్ పనికిరాదు. ఒకే ఇమేజ్‌లో ఉన్నవాటికి సైజూ, యూవీలూ (బొమ్మ మోడల్ మీద ఎక్కడ పడాలో చెప్పే అంకెలు) ఒకటే కావాలి మరి. నార్మల్ మ్యాప్‌నీ వీటితో కలపను. దానికి రెండు ఛానెళ్ల బీసీ5 ఉంది, మూడోది షేడర్ లెక్కగడుతుంది.

ఆల్ఫా నిజంగా అవసరమైతేనే వాడండి. బీసీ1 నుంచి ఆల్ఫాని పూర్తిగా దాచే బీసీ3కి వెళ్తే మెమరీ రెట్టింపు. పైగా కొన్ని ఎడిటర్లు పీఎన్‌జీగా సేవ్ చేసేటప్పుడు, ఆల్ఫా సున్నా ఉన్నచోట మిగతా మూడు ఛానెళ్లనీ చెరిపేస్తాయి. ఒరిజినల్ ఫైళ్లు విడివిడిగా దాచుకుని, ప్యాకింగ్‌ని ఎక్స్‌పోర్ట్ దాకా ఆపితే, అలా పోయినా మళ్లీ తయారుచేయడం నిమిషం పని.